వెలుతురుకు ముడుచుకునే రబ్బరు, ప్రభుదాసు గారి పదిహేడేళ్లు

1971 జూన్ 14న మా కళాశాల రసాయన ప్రయోగశాలలో సహాయకులుగా చేరిన శ్రీ ప్రభుదాసు గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. కాజీపేట రైల్వే కుటుంబంలో పుట్టిన వారు అంతకుముందు ఒక మిషన్ బడిలో సైన్సు సామగ్రి చూసేవారు.

1978లో ఆచార్య కిషన్ రావు గారు రంగు కలిపిన రబ్బరు పొరలపై పరిశోధన ప్రారంభించారు. అతినీలలోహిత కాంతి సోకితే ముడుచుకుని, పసుపు వెలుతురులో సాగే ఆ పొరతో ఏనాటికైనా మెత్తని కృత్రిమ హస్తాన్ని కదిలించవచ్చునని వారి ఆశ. పొరలు పోసింది, కోసింది, దీపం ముందు కూర్చున్నది మాత్రం ప్రభుదాసు గారే. తొర్రూరు దగ్గర పత్తి మిల్లులో రెండు వేళ్లు పోగొట్టుకుని, మా వద్ద ఊడ్చే పనిలో కుదిరిన మొగిలమ్మ ఒకనాడు వారిని అడిగింది: "అయ్యా, గీ తునక నా వేలు లెక్క వంగుతదా?"

"ఇప్పుడే చెప్పలేనమ్మా. జర ఓపిక పట్టు."

1983 మార్చిలో నిధులు మంజూరు చేసే సంఘం వచ్చింది. దీపం వెలిగింది, పొర ముడుచుకుని చిన్న తూకపురాయిని పైకెత్తింది, పెద్దలు ప్రశంసించారు. అప్పుడు ప్రభుదాసు గారు ముందుకు వచ్చారు.

"సార్, జర ఆగుండ్రి. గిది వెలుతురుతోని కాదు, దీపం వేడితోని లేస్తాంది కావచ్చు. నిన్ననే అనుమానమొచ్చింది. నడుమ నీళ్ల తొట్టి పెట్టి సూద్దాం."

వేడిని నీరు ఆపింది, వెలుతురు మాత్రం దాటింది. రాయి లేవలేదు.

నిధులు ఆగిపోయాయి; ప్రభుదాసు గారికి రావలసిన పదోన్నతి మళ్లీ ప్రస్తావనకు రాలేదు. కిషన్ రావు గారు ఒక్క మాటా అనలేదు గాని, నేను రెండు నెలలు ప్రభుదాసు గారితో సరిగా మాట్లాడలేదు. ఆ సంగతి ఇక్కడ సిగ్గుతోనే రాస్తున్నాను.

వారు మాత్రం కరెంటు కోతల మధ్య, ఆ పాత దీపంతోనే, నీళ్లు మారుస్తూ నాలుగేళ్లు కూర్చున్నారు. 1987లో తేలింది: జానెడు పొర కేవలం వెలుతురుకే అర మిల్లీమీటరు ముడుచుకుంటుంది, తిరిగి సాగుతుంది. రెండు వందల సార్లు కొలిచారు. ఆ ఫలితాన్ని మొదట మొగిలమ్మకే చెప్పారు.

"కదులుతది గని, వేలుకున్నంత బలం లేదమ్మా. మన కాలంల కాదు."

ఆమె తన చేతిని చూసుకుని, చాయ్ గ్లాసు ముందుకు జరిపింది. "ఉత్త ఆశ పెట్టకపోతివి అయ్యా, గంతే సాలు. చాయ్ సల్లారుతాంది, తాగు."

వారి కళ్లు అలసిపోయాయి, మేమూ అలసిపోయాం. అర్ధాంగి దీనమ్మ గారి తోడుతో వారు ఆరోగ్యంతో, తీరికతో నిండు నూరేళ్లు జీవించాలని ప్రార్థిస్తున్నాం. మేము ఇవ్వవలసింది ఇంతకంటే చాలా ఉంది. ఇవ్వగలిగింది ఈ ప్రార్థనే.

— సారంగపాణి, రసాయన శాస్త్ర ఉపన్యాసకులు
వరంగల్, జూన్ 1988