ఫైల్లో రాసిన పాస్‌వర్డ్

మెమో పట్టుకొని ఆమె నెట్‌వర్క్ గదిలో కూర్చున్న ఇంజనీరు దగ్గరికి విసురుగా వచ్చింది. కోడ్ రాసే ఉద్యోగంలో చేరి ఇంకా నెల తిరగలేదు.

“ఇంటర్నెట్‌కు కాపలా ఉండే కంపెనీ ప్రాక్సీ సర్వర్ దాటి టూల్స్ డౌన్‌లోడ్ కావాలంటే సెట్టింగ్స్ ఫైల్లో నా పాస్‌వర్డ్ రాయమన్నది మీరే కదండీ?”

“అవునమ్మా. వేరే దారి లేదు.”

“అలా రాయడం నేరమట! సరైన సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం ఊడుతుందట!”

“ఆ రూలూ ఉంది మరి.”

“ఉందని తెలిసే రాయమన్నారా?”

“రాయకపోతే పని నడవదు కదమ్మా. నీకు ముందు ముగ్గురికి ఇలాగే మెమోలొచ్చాయి.”

“వాళ్లేమయ్యారు?”

“వెళ్లిపోయారు. ఒక్కరూ వచ్చి నన్నడగలేదు.”

“అడిగితే తప్ప నోరు విప్పరా? మూడు ఉద్యోగాలండీ!”

ఆమె మెమోను అతని కీబోర్డు మీద పడేసింది. అతను దాన్ని చదివి, చేత పట్టుకొని లేచాడు.

“పదమ్మా. రాయమన్నది నేనేనని మేనేజరుకు చెప్తాను. నలుగురి సంగతీ చెప్తాను.”