పొట్టి బురుజు ఎటువైపు

ఆ కుర్చీ కాదమ్మా, దాని కాలు ఊగుతుంది, ఇటు కూర్చో. మీ తాతయ్య గురించి చెప్పమంటావు. ఏం చెప్పను? నువ్వు పుట్టకముందే పోయిన మనిషి. మీ ఇంట్లో ఏమనేవాళ్లో గానీ, మా టూరిస్టు బస్సుల షెడ్డులో అందరికీ ఆయన మైకాయన. నేను మాత్రం బావా అనేవాణ్ణి, ఆయనా నన్ను బావా అనేవాడు. వరసేం లేదులే, నోటికొచ్చిన వరస. నాది స్టీరింగు, ఆయనది మైకు. నలభై రెండు సీట్ల బస్సు, రోజుకి రెండు ట్రిప్పులు, పందొమ్మిదేళ్లు. నది ఒడ్డు, పాత వంతెన, పూలతోట, ఊరంతా కనబడే గుట్ట, అన్నిటికీ చివర పెద్ద మేడ. ఆ మేడ దగ్గరే మా తగువంతా.

మేడ వస్తోందనగా గొంతు సవరించుకునేవాడు. "అమ్మలారా, అయ్యలారా, మీరు చూడబోయే మేడకి రెండు బురుజులు. ఎడమవైపుది పొడుగు, కుడివైపుది పొట్టి. పొట్టిది కడుతుండగా పెద్ద మేస్త్రీ పోయాడు. ఆయన చెయ్యి పడ్డంతవరకే ఉంచేశారు." నిజమో, అల్లి చెప్పాడో నాకు తెలీదు. ఆ 'ఉంచేశారు' దగ్గర ఒక్క క్షణం ఆగేవాడు చూడు, వెనక సీట్లో బిస్కెట్ల పొట్లం చప్పుడు కూడా ఆగిపోయేది. అప్పుడు నేను ముందునుంచి, "కుడి కాదు, ఎడమ" అనేవాణ్ణి. జనం నవ్వేవాళ్లు, కావాలని ఆడుతున్నామనుకుని. ఆటేం కాదమ్మా. రోజూ రెండుసార్లు నా కళ్లతో చూసేవాణ్ణి, పొట్టిది ఎడమవైపే.

చూడ్డం అంటే... ఉండు, ఎలాగో చెప్తాను. జనాన్ని పక్క గేటు దగ్గర దింపాలి. అక్కడ చెట్లు అడ్డం, గోడ తప్ప ఏమీ కనబడదు. వాళ్లని మీ తాతయ్య మేడ ముందుకి నడిపించుకెళ్లేవాడు. నేను బండి ఆపి ఉంచుదామంటే పోలీసాయన ఈల. మేడ ముందునుంచి తిన్నగా ఒక రోడ్డు, పోవడమే గానీ ఎదురు రావడానికి లేదు. ఆ రోడ్డెక్కాక, వెనక చూసే నా అద్దంలో మేడ మొత్తం పడేది. చిన్నదై, ఇంకా చిన్నదై, మలుపులో పోయేది. వెనక సందులన్నీ చుట్టి నలభై నిమిషాలకి మళ్లీ గేటు. లెక్కేసుకో, దగ్గర దగ్గర పన్నెండు వేలసార్లు. ఒక్కసారీ దిగలేదు. సెలవురోజు వెళ్లొచ్చుగా అంటావా? మిఠాయి కొట్టువాడు సెలవురోజు మిఠాయి తింటాడా?

ఒకసారి మీ తాతయ్య ఎక్కడినుంచో మేడ ఫోటో కార్డు తెచ్చి నా ముక్కుకి ఆనించాడు. "ఇప్పుడేమంటావు బావా?" "అచ్చేసినవాడు తిరగేసి అచ్చేశాడు బావా" అన్నాను. మూడు రోజులు మాట్లాడలేదు నాతో. మైకులో మాత్రం, "మన డ్రైవరుగారికి కుడిచెయ్యేదో తెలీదు, అయినా మనల్ని క్షేమంగా తెచ్చారు, చప్పట్లు కొట్టండి" అన్నాడు. కొట్టారు కూడా. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు, ఆయన పట్టినదానికీ మూడే.

తర్వాత ఆయన గొంతు బొంగురుపోతూ వచ్చింది. దగ్గు బిళ్లలు చప్పరిస్తూ లాక్కొచ్చాడు. డాక్టరు ఇక మాట్లాడొద్దన్నాడట, ఆ సంగతి నాకు చెప్పలేదు. ఒకరోజు ముసురు, నలభై రెండు సీట్లకి ఆరుగురే. గేటు దగ్గర జనాన్ని దింపి, తను మెట్టు మీదే నిలబడ్డాడు. "బావా, ఇవాళ నువ్వూ దిగు. పది నిమిషాలు. చూపించి పంపిస్తాను." "బండి ఎవరు చూస్తారు, మీ నాన్నా?" అన్నాను. ఆ వానలో పోలీసాయన కూడా లేడమ్మా. బండి కోసం కాదు. ఓడిపోతానేమోనని. ఇంకో క్షణం చూశాడు, గొడుగు తెరుచుకుని వెళ్లిపోయాడు. అదే ఆయన ఆఖరి ట్రిప్పు.

ఆసుపత్రికి వెళ్తే గొంతులో గొట్టం. మాట లేదు. నన్ను చూసి ఏం చేశాడో తెలుసా? కుడిచెయ్యి ఎత్తి ఆడించాడు. నేను ఎడమచెయ్యి ఎత్తాను. మీ నాయనమ్మ "ఏమిటయ్యా మీ చేతులూ మీరూ" అని చెంగుతో నోరు మూసుకుని నవ్వింది. అదే కడసారి చూడ్డం.

మరో ఏడేళ్లు తోలాను. ఆ చోటికి వచ్చేసరికి 'ఎడమ' అని నోటిదాకా వచ్చేది, మింగేసేవాణ్ణి. కొత్తగా మైకు పట్టిన అమ్మాయికి ఏ బురుజు ఎటుంటే ఏం? రిటైరయ్యాక మూడేళ్ల కిందట అనుకుంటా, టిక్కెట్టు కొనుక్కుని ప్రయాణికుడిలా ఎక్కాను. ఇప్పుడు మైకు లేదు. తలా ఒక మాట్లాడే డబ్బా ఇస్తారు, దాని తీగలు చెవుల్లో పెట్టుకుని అంకె నొక్కుకోవాలి. ఐదు నొక్కితే మేడ కథ. గేటు దగ్గర అందరితోపాటు దిగాను. చెట్లు దాటి, మలుపు తిరిగి, మేడ ముందుకి వచ్చాను.

పొట్టిది కుడివైపే ఉంది.

నమ్మబుద్ధి కాలేదు. పన్నెండు వేలసార్లు చూసిన కళ్లు కదా. కాసేపాగి, నా బండి పోయే రోడ్డువైపు తిరిగి, మేడకి వీపు పెట్టి, రెండు చేతులూ చాచాను. పొట్టిది నా ఎడమచేతి వెనక. మళ్లీ మేడవైపు తిరిగాను. కుడిచేతివైపు. నేను పోతూ అద్దంలో చూశాను, ఆయన వస్తూ ఎదురుగా చూశాడు. అంతేనమ్మా. పందొమ్మిదేళ్లు తన్నుకున్నాం, ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. నవ్వు ఆగలేదు నాకు. "ఓరి బావా" అంటూ పక్కకి తిరిగాను.

అందరూ చెవుల్లో తీగలు పెట్టుకుని ఉన్నారు.

ఆ కిటికీ వెయ్యి తల్లీ, జల్లు లోపలికి కొడుతోంది.