గంపలు తిరిగొచ్చే వేళ

1992 జూలై 6వ తేదీ సోమవారం నాడు రాజాంలోని మా గ్రామపాలన పరిశోధన కేంద్రంలో చేరిన శ్రీమతి పద్మకుమారి గారు, హాజరు పట్టీలో సంతకం చేసిన గంటకే కుర్చీ వదిలి ఊళ్ళ మీద పడ్డారు. గజపతినగరం ప్రాంతపు మెట్టరైతు కుటుంబంలో జన్మించిన ఆమెకు, వర్ధమాన దేశాల సుస్థిరాభివృద్ధి అనే మహావిషయం గ్రంథాలయంలో కంటే పొలం గట్ల మీదే బాగా బోధపడేది. ఆఫీసులో కూర్చుంటే జ్వరం వస్తుందనేవారు. సెలవుచీటీ మాత్రం ఏనాడూ పెట్టిన పాపాన పోలేదు.

డాక్టరేట్ పొందిన పిమ్మట, 2004లో తీరగ్రామాల పాలనపై జరిగిన బృహత్పరిశోధనకు ఆమె సారథ్యం వహించారు. భోగాపురం తీరంలోని ఒక మత్స్యకార గ్రామంలో, ఒడ్డున చేపల వేలం షెడ్డు కట్టాలా వద్దా అన్నది ఆ నివేదికను బట్టే తేలవలసి ఉంది. ఆమె పదోన్నతి కూడా దానితోనే ముడిపడి ఉంది. మూడు రోజులు, ఉదయం పది గంటలకు వెళ్ళి ఇంటింటా విచారించి, "గ్రామమంతా ఆమోదించింది" అని సంబరంగా రాసి, నివేదికను అచ్చు వేయించారు.

ఆ వారమే విజయనగరం మార్కెట్లో ఎండుచేపలు కొంటూ, అమ్ముతున్న కూర్మమ్మది ఆ ఊరేనని తెలిసి, షెడ్డు వస్తోందని శుభవార్త చెప్పారు. కూర్మమ్మ తక్కెడ కింద పెట్టేసింది.

"ఏటమ్మా, ఆ ఇసకలోనే గదా మేం సేపలెండబెట్టుకుంతాం! అక్కడ షెడ్డేసేత్తే మేమెక్కడికెల్లాల? మమ్మల్నెవులడిగారు?"

"అందరినీ అడిగామే!"

"పదింటికొత్తే ఇంట్లో ఎవులుంతారు? గంపలెత్తుకుని మేం తెల్లారే ఎలిపోతాం. మా మొగోల్లు సెప్పుంతారు. సాయంత్రం నాలుగింటికి తిరిగొత్తాం, అప్పుడు రా, సెప్తాం!"

పద్మకుమారి గారి ముఖం చిన్నబోయింది. కొన్న చేపలు అక్కడే మరచి, సరాసరి కేంద్రానికి వచ్చారు. "అచ్చయినదాన్ని వెనక్కి తీసుకుంటే మన పరువేం కాను? మీ పదోన్నతి మాటేమిటి?" అని నాటి సంచాలకులు గణపతిరావు గారు మండిపడ్డారు.

"తప్పు నాదేనండి. వారం గడువివ్వండి, మళ్ళీ అడిగొస్తాను" అన్నారామె.

అడిగొచ్చారు! గంపలు దించుకున్న స్త్రీలు నూట పన్నెండు మంది చెప్పినదంతా రాసుకుని, నివేదికను మొదటి నుంచీ తిరగరాశారు. షెడ్డు రోడ్డు అవతలికి జరిగింది, ఇసుక మిగిలింది. ఆమెకు పదోన్నతి మూడేళ్ళు ఆలస్యమైనా, ఇంట్లో ఎవరు లేరో ముందు తెలుసుకుని తరువాతే ప్రశ్నలతో బయలుదేరాలన్న ఆమె పద్ధతిని నేర్చుకోవడానికి ఆఫ్రికా దేశాల పరిశోధకులు సైతం రాజాం బస్సెక్కి వచ్చారు. ఆ రోజుల్లో మా ఆనందానికి పట్టపగ్గాలు లేవు!

ఆమె పదవీ విరమణ సందర్భంగా ఈ వీడ్కోలు సభను మొదట ఉదయం పదకొండు గంటలకు నిర్ణయించి ఆహ్వానపత్రం చూపగా, ఆమె కళ్ళజోడు తీసి, "పదకొండింటికి కూర్మమ్మ ఎక్కడుంటుందండీ?" అన్నారు. ఇన్నేళ్ళు ఆమె వద్ద పని నేర్చి, సరిగ్గా అదే తప్పు మేమూ చేశాం!

కనుక సభ సాయంత్రం నాలుగు గంటలకు. ముందు వరుస కుర్చీలు కూర్మమ్మ గారికి, ఆమె తోటివారికి. శ్రీమతి పద్మకుమారి గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలనీ, ఆ ఇసుక మీద చేపలు ఎండినన్నాళ్ళూ మమ్మల్ని ఇలాగే మందలిస్తూ ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాము.