సాక్ష్యానికొచ్చిన పెంటికలు

ఎనభై మూడు ఎండాకాలం. తొర్రూరు దగ్గరి సర్కారు జామాయిల్ తోట తగలబడిన మర్నాడు, ఫారెస్టు గార్డు రుమాల్లో మేక పెంటికలు మూటగట్టుకొని కొంరమ్మ దొడ్డి ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆ మూట చూసి ముసలామెకు నవ్వాగలేదు.

"ఏమే, ఇవి నీ మేకలయేనా?"

"నాయే సారూ. గిన్నేండ్ల నౌకరీల గిదొక్కటి మంచిగ గుర్తుపట్టినవు."

"తోటల మేకలు తోలొద్దని తీగ కట్టినం గద! మొక్కలు తింటయని చెప్తే ఇనవా?"

"జామాయిల్ ఆకుకు మేక మూతి గూడ పెట్టదు. ఆ సంగతి మేకకెరుక, మీ ఆఫీసుల ఎవ్వలికి ఎరుకలేదు."

"మరెందుకు తోలినవ్?"

"గడ్డికి. నడుమెత్తు పెరిగి ఎండింది, నిప్పురవ్వ పడితే తోట మిగలదని నిరుడే చెప్పిన. మేకలు కాసేదానివి, నాకు నేర్పుతవా అని ఎల్లగొడితివి."

"ఎక్కువ మాట్లాడకు. తోట కాలినందుకు నీ మీద కేసు రాస్తాన. ఏలుముద్ర ఎయ్యి."

"ఏస్త. గని గీ పెంటికలు యాడ దొరికినయో గూడ రాయి."

గార్డు మూటను చంకలో పెట్టుకున్నాడు.

"తోటంత తిరిగి ఏరినవు గద, చెప్పు."

"తోటల నా క్వార్టర్ ఎనుకపొంటి."

"ఆడ కాలిందా?"

"లే... కాలలే. ఆడ గడ్డే లేదు."

"నీ పెండ్లాం పిల్లలున్న కాడికి మంటెందుకు రాలేదో, అది గూడ రాయి. రాసి, ముందు నీ పెండ్లానికి సదివి ఇనిపియ్యి. అటెన్క తే, ఏలుముద్ర ఏస్త."