తాబేలు పొట్ట కోసిన మనిషి

ఇలా ఇయ్యి, ఏం తెచ్చావో చూద్దాం. కళ్ళజోడు ఆ బల్ల మీదుంది, అందుకో. ఊఁ... మా షాపు నూరో ఏటి పండగ ఊరేగింపు. పాత ఉద్యోగులందరినీ అలంకరించిన బండెక్కించి తిప్పుతారట. నన్ను కూడానట. నేనెక్కను. మీ అమ్మ చెప్పి పంపినా ఎక్కను, నువ్వు బతిమాలినా ఎక్కను. షాపువాళ్ళు దీనికోసం అచ్చేసిన ఈ పుస్తకం చదివావా అసలు? మొదటి పేజీలోనే ఏం రాశాడో చూడు. పెద్ద యజమానికి కలొచ్చిందట, ఊళ్ళో పిల్లల కోసం పండగ ఊరేగింపు పెట్టమని. కలట, కల. ఆయనకి కల్లో కూడా బేరాలే కనిపించేవి. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అదీ సంగతి. పండగ సెలవునాడు కూడా షాపు తెరవాలన్నాడు మహానుభావుడు. పనివాళ్ళకి ఒళ్ళు మండింది. సరే బాబూ తెరుస్తాం, పొద్దుటి పూట మాత్రం మాదీ అని, మిగిలిపోయిన గుడ్డముక్కలతో వేషాలు కుట్టుకుని, డబ్బాలు వాయించుకుంటూ గోదాం నుంచి షాపు దాకా నడిచారు. ఊరంతా వాళ్ళ వెనకాలే వచ్చింది. వచ్చినవాళ్ళు ఊరికే పోతారా, షాపులోకి దూరారు. అది చూశాడు ఆయన. మరుసటేడు అందరికంటే ముందు తనే నడిచాడు, టోపీ ఊపుకుంటూ. నేను పుట్టకముందు సంగతులే అనుకో, షాపులో పాతవాళ్ళు కథలు కథలుగా చెప్పేవాళ్ళు.

ఏముందిలే అందులో అని మీ కాలం పిల్లలకి అనిపిస్తుంది. టికెట్టు లేదు, అదీ ఉంది. తెల్లారకముందే దుప్పట్లు కప్పుకుని వీధి పక్కన చేరేవాళ్ళు జనం. ఏడాది పొడుగునా పిల్లల మొహం చూడ్డానికి తీరికలేని తండ్రులు ఆ పూట భుజాలెక్కించుకునేవాళ్ళు. ఇక తాళ్ళు కట్టి ఊరేగింపులో ఎగరేసే పెద్ద పెద్ద బెలూన్లంటావా, షాపు కుట్టుగదిలో మీ అమ్మమ్మ చెయ్యి పడ్డాకే వాటికి ప్రాణం వచ్చింది. మా అక్కని పొగుడుకోవడం కాదు. రబ్బరు పూత గుడ్డ మీద ఆవిడ వేసిన కుట్టులోంచి చీమ తలంత గాలి కూడా పోయేది కాదు. తాబేలు చేద్దామంది. మేనేజరు ముక్కుతో నవ్వాడు. "తాబేలు ఎగురుతుందా అమ్మా? సింహం చెయ్యి, హోదాగా ఉంటుంది" అన్నాడు. ఊరేగింపు నడిచేదే తాబేలు నడక కదండీ అందట ఈవిడ. చేసింది. రెండంతస్తుల ఎత్తు. కళ్ళు మాత్రం కిందికి చూసేట్టు కుట్టింది. ఆకాశం వంక చూసే జంతువు పిల్లలకెందుకురా అనేది నాతో. అది మేడల పక్కనుంచి పోతుంటే మంచం పట్టిన ముసలివాళ్ళు కిటికీలోంచి చెయ్యి చాపి దాని డిప్ప తాకేవాళ్ళు. అదెక్కడుంది ఈ పుస్తకంలో? వెతుకు. యజమాని టోపీ బొమ్మలు మాత్రం నాలుగున్నాయి.

ఆఁ, అక్కడికే వస్తున్నా, తొందరపెట్టకు. ఆ ఏడాది నాకు పంతొమ్మిది. అక్కే మేనేజరు చుట్టూ పది సార్లు తిరిగి నన్ను పార్సిళ్ళు కట్టే పనిలో పెట్టించింది, చేరి ఆరు నెలలు కాలేదు. తాబేలుని పట్టి నడిపించే తాళ్ళలో తోక తాడు నాకిచ్చారు. తాడు కొసకి చెక్క పిడి ఉంటుంది. పిడే పట్టుకోవాలి, తాడు చేతికి చుట్టకూడదు, కాళ్ళు నేల మీంచి లేస్తే పిడి వదిలెయ్యాలి. ముందురోజు అక్క నాచేత మూడుసార్లు అప్పజెప్పించుకుంది. ఏం లాభం? చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే, ఎక్కడ వదిలేస్తానో, అందరి ముందూ అక్క పరువు పోతుందోనని, రెండు చుట్లు చుట్టేశా మణికట్టుకి. గాలి పెరిగింది. తాబేలుని దించేద్దామండీ అని అక్క మేనేజరు వెంటపడి చెప్పింది. ముందు వేదిక మీద పెద్దమనుషులున్నారు, వాళ్ళు చూడాలి, దించడానికి వీల్లేదన్నాడు. వీధి మలుపు తిరిగామో లేదో, ఈడ్చి కొట్టింది గాలి. తల కిందికొచ్చింది, తోక లేచింది, తోకతో పాటు నేనూ. షాపుల బోర్డులు నా కాళ్ళ కిందున్నాయి. పిడి వదిలేశా, చుట్టు వదల్లేదు. అక్క చూసింది. కడుపున పుట్టిన బిడ్డలా చూసుకుందే ఆ తాబేలుని, నడుముకి వేలాడే కత్తెర తీసి దాని పొట్టలో దింపి ఈ చివర నుంచి ఆ చివరకి కోసేసింది. నేను మెల్లగా నేల మీదికొచ్చా. తాబేలు వెళ్ళి వేదిక మీద పెద్దమనుషుల నెత్తిన దుప్పటిలా పరుచుకుంది. జనం పగలబడి నవ్వారు.

నవ్వినందుకు ఎవరో ఒకరు బలి కావాలి కదా. ఇదిగో, నలభయ్యో పేజీ, నువ్వే చదువు. ఇయ్యి, నేనే చదువుతా. "కుట్టుగదిలో పనిచేసే ఒక స్త్రీ ఆవేశంతో బెలూన్‌ను కోసివేసింది. ఆ సమయంలో ఎవరికీ ఏ ప్రమాదమూ లేదని పక్కనే ఉన్న కార్మికుడు రాసిచ్చాడు." ఒక స్త్రీ. ఎవరో దారిన పోయే మనిషి అన్నట్టు. ఎవడా కార్మికుడని అడగవేం? నేనే. మేనేజరు గదిలోకి పిలిచి, దించొద్దన్నది తనేనని బయటికి రాకూడదని, కాగితం ముందే రాసిపెట్టుకుని, ఉద్యోగం కావాలా వద్దా అన్నాడు. కట్టు కట్టిన చేత్తోనే పెట్టా సంతకం. అక్కని ఆ సాయంత్రమే తీసేశారు. నేను ముప్పై ఎనిమిదేళ్ళు చేశా అక్కడే, సిగ్గులేకుండా. మీ అమ్మమ్మ ఇంట్లో కూర్చుని దిండు గలీబులు కుట్టుకుంది, పండగ పూట వీధివైపు కిటికీ తెరవలేదు.

ఇంటికొచ్చి చెప్పేశా, దాచలేదు. నా చేతికి మందు రాస్తోంది అప్పుడు. "సరేలేరా, ఇద్దరి ఉద్యోగాలూ పోతే ఇల్లెలా గడుస్తుంది" అంది. అంతే. మందు రాయడం ఆపను కూడా ఆపలేదు. నాకు మేనేజరు మీద కోపం, ఈ పుస్తకం రాసినవాడి మీద కోపం, అన్నిటికంటే మీ అమ్మమ్మ మీద కోపం. నాలుగు తిట్టి, చెంప పగలగొట్టి ఉంటే ఎప్పుడో బాగుపడేవాణ్ణి. పోయే రోజు దాకా ఒక్క మాట అన్లేదు. మీ అమ్మకి కూడా చెప్పినట్టు లేదు, కదూ? చెప్పదు. నాకు తెలుసు, చెప్పదు. ఏమే, అలా నేల చూపులు చూస్తావేం? నువ్వన్నా ఒక మాట అనవే.