అరగంటలో అయిపోయిన ఆపరేషన్

ఆపరేషన్ గదిలోంచి వార్డుకు తెచ్చి రెండు గంటలైంది. పరుపులు కుట్టే మనిషి మంచం మీద ఉన్నాడు. పక్కన స్టూలు మీద అతని భార్య.

"ఇక్కడ గిల్లుతున్నాను, తెలుస్తోందా?"

"లేదు."

"ఇక్కడ?"

"అదీ లేదు. ఆ పక్కంతా నాది కానట్టుంది."

"పోన్లెండి, నొప్పి లేదుగా. గొంతులో గొట్టం వెయ్యకుండానే చేసేశారటగా! నర్సమ్మ చెప్పింది."

"ఆఁ. దూది దుమ్ముకి ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయి కదా. పూర్తి మత్తిచ్చి గొట్టం వేస్తే మళ్ళీ తియ్యడం కష్టమట. వీపులో సూదేసి మొద్దుబార్చారు. ముక్కుకి మాస్కు. గాలి నేనే పీల్చుకున్నాను."

"మరి పక్కటెముకల మధ్య చిల్లి పెడుతుంటే?"

"పక్కింట్లో ఎవరో సామాన్లు జరుపుతున్నట్టు అనిపించింది."

"అమ్మో! నిద్రపోలేదా మీరు?"

"కాస్త... జోగాను."

"డాక్టరుగారు నాలుగింటికి వచ్చి అంతా చెప్తానన్నారు, పొద్దున. ఎంతైంది ఇప్పుడు?"

"మూడున్నర."

"గడ్డ చిన్నదే అయ్యుంటుంది లెండి. గంటన్నర పడుతుందన్న వాళ్ళు అరగంటలో తేల్చేశారు! చెయ్యి తిరిగినవాళ్ళు."

"ఊఁ."

"ఊఁ ఏమిటి? సంతోషంగా లేదూ?"

"ఏమీ లేదు. నిజంగానే ఏమీ తెలియట్లేదు."

"మత్తండీ. అదే దిగుతుంది. హాస్టలు వాళ్ళ ఇరవై పరుపులూ నేను కుట్టేస్తాను. మీరు దూది జోలికి రావద్దు, కొట్టు ముందు కూర్చుని పెత్తనం చెయ్యండి చాలు."

"దూది ఏకే మిషను మీ తమ్ముడికి ఇచ్చెయ్యి."

"ఎందుకూ?"

"ఇచ్చెయ్యమన్నానా."

"అదేం మాట... ఏమండీ, ఇటు తిరగండి. ఆ గోడలో ఏముందని? సరే, డాక్టరుగార్ని రానివ్వండి, మీ ముందే అడుగుతాను, మా ఆయన ఎందుకిలా ఉన్నాడని."

"ఆయన రాడు."

"నాలుగింటికి వస్తానని నాతోనే—"

"నేనే వద్దన్నాను."

"మీరా? ఎప్పుడు?"

"లోపల చూసి, ‘అంతటా పాకింది, కదిలించొద్దు, కుట్టెయ్యండి’ అన్నాడు. నాకు వినపడిందని మత్తు డాక్టరమ్మకి తెలిసిపోయింది, నా చెయ్యి పట్టుకుంది. ‘మా ఆవిడకి నేనే చెప్పుకుంటానమ్మా’ అని ఆ బల్ల మీద పడుకునే మాట తీసుకున్నాను. తీరా నిన్ను చూస్తే నోరు పెగల్లేదు."