సగం ధర ఇల్లు

కొని అద్దెకిచ్చుకోవడానికి ఓ ఇల్లు చూసుకున్న టీచరమ్మ, ఆ వీధిలో ధరలు వాకబు చేద్దామని ఎదురుగా ఉన్న దర్జీ కొట్టు మెట్లెక్కింది.

"ఈ వరసలో ఇళ్లు ఎంత పలుకుతున్నాయి, బాబాయ్ గారూ?"

"అమ్మేవాళ్లుంటే కదమ్మా పలకడానికి!"

"ఎదురు వరసలో మాత్రం సగానికే ఇస్తామంటున్నారు. ఈ ఏడాది నాలుగు ఇళ్లు అమ్ముడయ్యాయట."

"నాలుగు కాదు, ఒక్కటే. ఆ నీలం గేటు ఇల్లే నాలుగుసార్లు చేతులు మారింది."

ఆమె చూసుకున్నది నీలం గేటు ఇల్లే.

"కొత్త రంగులతో మెరిసిపోతోంది కదండీ!"

"వాన వెలిసినప్పుడల్లా వేస్తారు, బీటలు కనబడకుండా."

"అంటే, పునాది మంచిది కాదా?"

"పునాది కింద నేలుంటే కదా! ఆ వరసంతా పాత క్వారీ గొయ్యి. చెత్త పోసి పూడ్చి, పైన కట్టేశారు. మొన్నటి వానకి వెనకగది జానెడు కుంగింది."

"ఏజెంటు ఒక్క ముక్క చెప్పలేదు!"

"చెబితే ఎవరు కొంటారు? పోనీలే, లోపల అడుగు పెట్టకముందే అడిగావు."

ఆమె గిరుక్కున నీలం గేటు వైపు తిరిగింది. "మా ఆయన ఆ వెనకగదిలోనే కొలతలు తీస్తున్నారండీ."

దర్జీ చేతిలో కత్తెర ఆగిపోయింది. "ముందు బయటికి పిలువమ్మా!"

ఆమె వీధి దాటి, గేటు పట్టుకుని గట్టిగా పిలిచింది.

"వస్తున్నా, ఉండవే!" లోపల్నించి భర్త గొంతు వినిపించింది. "ఇందాక బాగానే తెరుచుకుంది, ఈ తలుపు ఇప్పుడు బిగుసుకుపోయింది!"